రొయ్యల చెరువులో కార్బన్ పంట పండుతుందా?

తెలంగాణకు సముద్రం లేదు. అయినా ఈ నెల హైదరాబాద్ పాఠకుల నుంచి వచ్చిన ప్రశ్నల్లో సగానికి పైగా మడ అడవుల కార్బన్ క్రెడిట్ల గురించే. చెట్లూ నేలా గాలిలోంచి తీసుకుని దాచిన ఒక్కో టన్ను కార్బన్ డయాక్సైడ్‌కు లెక్కగట్టి అమ్మే పత్రమే కార్బన్ క్రెడిట్. కొందరికి కోస్తాలో పొలముంది, కొందరికి ఇక్కడ కంపెనీ ఉంది, కొందరికి వాట్సాప్ ఉంది. ఒకే రకం ప్రశ్నలను కలిపి జవాబిస్తున్నాం.

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర ఊరు. నేను కూకట్‌పల్లిలో ఉంటాను. మాకు అయిదెకరాల పాత రొయ్యల చెరువు ఉంది. మూడెకరాలు పట్టా, రెండెకరాలు మా నాన్నగారికి ప్రభుత్వం ఇచ్చిన డి-పట్టా (అసైన్డ్ భూమి). వైట్‌స్పాట్ తెగులు వచ్చి చాలా ఏళ్లుగా ఖాళీగా ఉంది. ఒక ఏజెంటు వచ్చి, మడ మొక్కలు తామే వేస్తామని, 40 ఏళ్లకు ఒప్పందం రాసిస్తే వచ్చే డబ్బులో 40 శాతం ఇస్తామని అంటున్నాడు. మీరు ఏమీ చేయక్కర్లేదు, సంతకం చాలు అంటున్నాడు. చేయమంటారా?

జవాబు: ఆ చివరి మాటే మమ్మల్ని భయపెడుతోంది. సంతకానికి ముందు మీరు చూసుకోవాల్సినవి చాలానే ఉన్నాయి.

ముందు ఆ రెండెకరాల సంగతి. అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం, 1977లో ‘బదిలీ’ అంటే అమ్మకం ఒక్కటే కాదు. తాకట్టు, లీజు, ఆ భూమికి సంబంధించిన ఒప్పందం కూడా దాని కిందికే వస్తాయి. కాబట్టి డి-పట్టా మీద 40 ఏళ్ల కాగితం రాస్తే అది చెల్లదు సరికదా, షరతు ఉల్లంఘించారంటూ భూమినే వెనక్కి తీసుకునే ప్రమాదం ఉంది. 20 ఏళ్లు దాటిన అసైన్‌మెంట్లకు ఆంధ్రప్రదేశ్ 2023లో చట్టం సవరించి దారి తెరిచింది. కానీ మీ సర్వే నంబరు ఇప్పటికీ 22ఏ జాబితాలో (రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల జాబితా) ఉందో లేదో చూడకుండా ఏ నిర్ణయానికీ రావద్దు. అడంగల్, 1బి, ఈసీ, ఎఫ్ఎంబి స్కెచ్ నాలుగూ తీయించండి. స్కెచ్ తప్పనిసరి. ఏటిగట్టు వైపు చెరువులు చాలాచోట్ల ప్రభుత్వ పోరంబోకులోకి కొంత జరిగి ఉంటాయి. ఉపగ్రహ చిత్రంలో హద్దు గీసేటప్పుడు ఆ జరుగుడు బయటపడుతుంది.

తర్వాత చెరువు పుట్టుపూర్వోత్తరాలు. మడ అడవిని కొట్టి చెరువు తవ్వి, మళ్లీ అక్కడే మడ వేసి క్రెడిట్లు అమ్ముకోకుండా స్వచ్ఛంద ప్రమాణాల్లో ఒక అడ్డుకట్ట ఉంది. ప్రాజెక్టు మొదలవడానికి ముందు పదేళ్ల లోపు సహజ వనాన్ని తొలగించిన నేలకు, క్రెడిట్లు జారీ చేసే ప్రైవేటు సంస్థ వెర్రా ప్రమాణంలో అర్హత లేదు. మీ చెరువు అంతకంటే పాతదని చూపించగలగాలి. గూగుల్ ఎర్త్‌లో పాత సంవత్సరాల చిత్రాలు తిరగేయండి, మన బాలానగర్ ఎన్ఆర్ఎస్‌సీ (జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం) వారి ఉపగ్రహ చిత్రాల సైటు భువన్‌లోనూ చూడండి. ఏజెంటు ఈ పని చేశాడా అని అడగండి. చేయకపోతే అతనికి ఈ వ్యాపారం తెలియదని అర్థం.

మూడోది, చాలామంది ఊహించనిది. తీర నియంత్రణ జోన్ (సీఆర్‌జెడ్) నోటిఫికేషన్ల ప్రకారం, 2011 దైనా 2019 దైనా, మడ అడవి సీఆర్‌జెడ్-1ఏ కిందికి, అంటే పర్యావరణపరంగా సున్నితమైన ప్రాంతాల కిందికి వస్తుంది. వెయ్యి చదరపు మీటర్లు దాటితే చుట్టూ 50 మీటర్ల బఫర్ కూడా అందులోదే, కాకపోతే ప్రైవేటు భూమిలోని మడకు ఈ బఫర్ అక్కర్లేదని 2019 నోటిఫికేషన్ అంటుంది. వెయ్యి చదరపు మీటర్లంటే పావు ఎకరం. మీరు వేసిన మడ బాగా పెరిగిందనుకోండి. తీర జోన్ మ్యాపును మళ్లీ గీసే రోజున అది 1ఏ రంగులోకి వెళ్లే అవకాశం ఉంది. ఆ తర్వాత ‘రొయ్య ధర పెరిగింది, చెట్లు తీసేసి చెరువు చేసుకుంటాను’ అంటే కుదరదు. 2011 నోటిఫికేషన్ మ్యాపు ఇంకా అమల్లో ఉన్నచోట, పక్క చేను మీ మడకు 50 మీటర్ల లోపల ఉంటే దాని మీదా ఆంక్షలు పడవచ్చు. రేపు తగువు రాకముందే పక్క రైతుతో మాట్లాడుకోండి.

ఇక డబ్బు. మడ నేల ఏటా దాచుకునే కార్బన్‌కు ఐక్యరాజ్యసమితి వాతావరణ నిపుణుల సంఘం ఐపీసీసీ 2013 చిత్తడి నేలల అనుబంధంలో ఇచ్చిన సగటు హెక్టారుకు 1.62 టన్నులు. దాన్ని కార్బన్ డయాక్సైడ్‌లోకి మార్చడానికి 3.67తో గుణిస్తే దాదాపు 6 టన్నులు. మీ అయిదెకరాలు రెండు హెక్టార్లు కాబట్టి 12 టన్నులు. చెట్టు కాండం, వేళ్లలో మరో 12 వచ్చాయని ఉదారంగా అనుకుందాం, మొత్తం 24. చెట్లు చచ్చిపోతే పూడ్చడానికని, క్రెడిట్లు నమోదు చేసే రిజిస్ట్రీ ఇందులోంచి కొంత వాటాను బఫర్‌గా పక్కన పెడుతుంది. మిగిలేవి 20 అనుకోండి. టన్ను వెయ్యి రూపాయలకు పోయిందనుకుంటే ఏడాదికి 20,000. అందులో 40 శాతం 8,000. అయిదెకరాలకు కలిపి! అదీ మొదటి వెరిఫికేషన్ (బయటి ఆడిటరు తనిఖీ) అయ్యాకే, అంటే మామూలుగా మూడు నుంచి అయిదేళ్ల తర్వాత. మీ ఊళ్లో ఎకరం చెరువు లీజు ఎంత పలుకుతుందో మాకంటే మీకే బాగా తెలుసు.

చిన్న కమతాలకు ఈ లెక్క ఎక్కడా కుదరదు. వెరిఫికేషన్ ఖర్చు ఎకరాల లెక్కన తగ్గదు, నేల తక్కువైనా ఆడిటరు రావాల్సిందే. కెన్యాలో గాజీ బే ఊళ్లవాళ్లు నడిపే మికోకో పమోజా ఈ రంగంలో అందరూ చూపించే ప్రాజెక్టు. అది 117 హెక్టార్లు, ఏడాదికి సుమారు 3,000 టన్నులు. అది కూడా ఊరి ఉమ్మడి అడవి. మీరు చేయదలిస్తే చుట్టుపక్కల ఖాళీ చెరువుల వాళ్లంతా సంఘంగా ఏర్పడి, అందరిదీ కలిపి ఒకే ప్రాజెక్టుగా వెళ్లాలి.

అయినా ఒప్పందం చేసుకుంటామంటే కాగితంలో చూడాల్సినవి ఇవి. 40 శాతం దేని మీద, అమ్మిన మొత్తం మీదా, ఖర్చులు పోగా మిగిలిన దాని మీదా? రెండోదైతే మీ చేతికి సున్నా వచ్చినా ఆశ్చర్యం లేదు. తుఫానులో మొక్కలు పోతే ఎవరి నష్టం? వివాదం వస్తే ఆర్బిట్రేషన్ ఎక్కడ? సింగపూర్ అని రాసి ఉంటే కాకినాడ అని మార్పించండి. జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ అడిగితే ఇవ్వొద్దు. ‘కార్బన్ హక్కు’ అని విడిగా నిర్వచించిన చట్టం మన దేశంలో లేదు, అది భూమి హక్కు నుంచీ ఒప్పందం నుంచీ పుట్టేదే. కాబట్టి క్రెడిట్ ఎవరి పేర జారీ అవుతుందో విడిగా ఒక వాక్యం రాయించండి. ఏడాది మించిన లీజుకు 1908 రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ తప్పనిసరి. స్టాంపు కాగితం మీద నోటరీ చేయిస్తే చాలదు.

ప్రశ్న: ఉప్పల్‌లోని మా సంస్థకు గోదావరి డెల్టా ప్రాజెక్టు నివేదిక ఒకటి పరిశీలనకు వచ్చింది. హెక్టారుకు 730 టన్నులకు పైగా కార్బన్ డయాక్సైడ్ అని ల్యాబ్ రిపోర్టు జతచేశారు. నమ్మవచ్చా?

జవాబు: అంకె నిజమే కావచ్చు. అది క్రెడిట్ కాదు, అంతే.

లెక్క ఇలా వచ్చి ఉంటుంది. మట్టి సాంద్రత ఘన సెంటీమీటరుకు ఒక గ్రాము, లోతు 100 సెంటీమీటర్లు, సేంద్రియ కార్బన్ 2 శాతం. మూడింటినీ గుణిస్తే హెక్టారుకు 200 టన్నుల కార్బన్, దాన్ని 3.67తో గుణిస్తే 734. ఇది వందల ఏళ్లుగా గోదావరి తెచ్చిపోసిన నిల్వ. మీ ప్రాజెక్టు పుట్టకముందే ఉన్నది. కొత్తగా మొక్కలు వేసే ప్రాజెక్టుకు క్రెడిట్ వచ్చేది ప్రాజెక్టు వల్ల అదనంగా చేరిన దానికే. ‘ఉన్న అడవిని కొట్టకుండా ఆపాం’ అనే తరహా ప్రాజెక్టయితే, కొట్టే ప్రమాదం నిజంగా ఉందని రుజువు కావాలి. కోరింగ లాంటి అభయారణ్యం లోపల ఆ వాదన నిలబడదు, చట్టమే ఇప్పటికే కొట్టనివ్వదు కదా.

రిపోర్టులో ఇంకా వెతకాల్సినవి కొన్ని. మట్టి గొట్టం దింపినప్పుడు బురద లోపల కుదించుకుపోతుంది. బయట గుంట లోతు, గొట్టంలో మట్టి పొడవు రెండూ కొలిచి రాశారా? రాయకపోతే సాంద్రత ఎక్కువ పడుతుంది, దాంతో కార్బన్ కూడా. నమూనాలు 0-15, 15-30, 30-50, 50-100 సెంటీమీటర్ల పొరలుగా తీశారా, పైపొర ఒక్కటే తీసి మీటరుకు హెచ్చవేశారా? పైపొరలో ఆకుచెత్త ఉంటుంది, ఆ శాతం కిందికంటా ఉండదు. నత్తగుల్లల సున్నాన్ని ఆమ్లంతో తీసేశారా? లేకుంటే గుల్ల కార్బన్ కూడా సేంద్రియ ఖాతాలో పడుతుంది.

గోదావరికే ప్రత్యేకమైనవి రెండు. వరద ఒండ్రుతో పాటు ఎగువ పొలాల కార్బన్ కొట్టుకొచ్చి ఇక్కడ పేరుకుంటుంది. అది మడ చెట్టు దాచింది కాదు కాబట్టి వెర్రా వీఎం0033 పద్ధతిలో దాన్ని మినహాయించాలి. రెండోది మీథేన్. నీటి ఉప్పదనం వెయ్యికి 18 పాళ్లు దాటితే మీథేన్ స్వల్పమని ఐపీసీసీ లెక్క. వానాకాలం వరదలో పాయలు తియ్యబడతాయి. ఒక్క ఏప్రిల్‌లో ఉప్పు కొలిచి ఏడాదంతా అదే అని రాస్తే ఒప్పుకోకండి, ఆగస్టు, సెప్టెంబరు కొలతలు అడగండి.

మొక్కలు బతుకుతాయా అన్నది ల్యాబ్ రిపోర్టులో కనిపించదు. మడ ప్రాజెక్టులు చెడేది ఎక్కువగా నీటి దగ్గరే. పోటు నీళ్లు ఎక్కని మెట్టన మొక్క పెడితే ఉప్పు తేలి ఎండుతుంది, ఎప్పుడూ నీళ్లుండే పల్లాన పెడితే మునిగి కుళ్లుతుంది. అందుకే కృష్ణా, గోదావరి డెల్టాల్లో చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వి, ఏటి పోటును లోపలికి తెచ్చి, కాలువ వాలు మీద మడ, ఉప్పుపొన్న నాటే పద్ధతి నిలబడింది. నివేదికలో కాలువల ప్లాను, నేల మట్టాలు, పోటుపాట్ల లెక్క ఉన్నాయా చూడండి. పోటుపాట్ల అంచనాలు మన ప్రగతినగర్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇస్తుంది. హెక్టారుకు ఇన్ని వేల మొక్కలు అని మాత్రమే ఉంటే, అది నర్సరీ బిల్లు అనుకోండి.

ప్రశ్న: నాచారంలో మా కంపెనీ మడ అడవుల క్రెడిట్లు కొని ప్యాకెట్ల మీద ‘కార్బన్ న్యూట్రల్’ అని వేయాలనుకుంటోంది. ఏ చట్టం వర్తిస్తుంది? భారతీయ క్రెడిట్లా, విదేశీ రిజిస్ట్రీవా?

జవాబు: ఇవి రెండు వేరువేరు బజార్లు.

మొదటిది ప్రభుత్వానిది. ఇంధన పొదుపు చట్టానికి 2022లో చేసిన సవరణ దీనికి పునాది. 2023 జూన్ 28న కార్బన్ క్రెడిట్ ట్రేడింగ్ స్కీమ్ నోటిఫై అయింది. అప్పట్లో ఉద్గార లక్ష్యాలు విధించిన పరిశ్రమలకే పరిమితం. డిసెంబరు సవరణతో లక్ష్యాలు లేనివాళ్లు కూడా ప్రాజెక్టు రిజిస్టరు చేసుకునే ఆఫ్‌సెట్ మార్గం వచ్చింది. నడిపేది బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ, ఖాతాలు ఉంచేది గ్రిడ్ కంట్రోలర్ ఆఫ్ ఇండియా, వ్యాపారాన్ని నియంత్రించేది కేంద్ర విద్యుత్ నియంత్రణ మండలి, కొనడం అమ్మడం పవర్ ఎక్స్ఛేంజీల్లో. ఒక సర్టిఫికెట్ ఒక టన్ను. 2025 మార్చిలో ఆమోదించిన తొలి పద్ధతుల్లో క్షీణించిన మడ ఆవాసాల్లో వనీకరణ ఒకటి. సముద్రపు గడ్డి, నాచు ఆ జాబితాలో లేవు.

రెండోది వెర్రా, ప్లాన్ వివో వంటి ప్రైవేటు రిజిస్ట్రీల స్వచ్ఛంద బజారు. అక్కడ నడిచేది ఒప్పంద చట్టం, రిజిస్ట్రీ సొంత నిబంధనలు. ఒకే టన్నును రెండు చోట్లా అమ్మకూడదు. కొనేముందు అమ్మేవారి నుంచి ఆ మేరకు హామీ రాతపూర్వకంగా తీసుకోండి.

కొన్నాక అసలు పని మొదలవుతుంది. క్రెడిట్ మీ ఖాతాలో ఉంటే చాలదు, మీ కంపెనీ పేర రిటైర్ చేయించాలి. రిటైర్ చేయకపోతే దాన్ని రేపు ఇంకొకరికి అమ్మొచ్చు. ఇన్వాయిస్‌లో సీరియల్ నంబర్లు, ఏ సంవత్సరపు క్రెడిట్లో రాయించుకుని రిజిస్ట్రీ వెబ్‌సైట్‌లో మీరే సరిచూడండి. పీడీఎఫ్ సర్టిఫికెట్ చూసి ఊరుకోవద్దు, అది ఎవరైనా తయారు చేయగలరు.

ప్యాకెట్ మీది మాట కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2024 అక్టోబరు గ్రీన్‌వాషింగ్ మార్గదర్శకాల కిందికి వస్తుంది. పర్యావరణ గొప్పలకు ఆధారం చూపాలి, ఆ మాట సరుకుకా, ప్యాకింగుకా, తయారీకా అన్నది స్పష్టంగా ఉండాలి. ఆ వివరం ప్యాకెట్ మీదైనా ఉండాలి, క్యూఆర్ కోడ్‌తోనైనా దొరకాలి. మా అభిప్రాయం అడిగితే, ‘కార్బన్ న్యూట్రల్’ అనే రెండు మాటలు మానేసి ‘ఇన్ని టన్నులకు ఫలానా ప్రాజెక్టు క్రెడిట్లు రిటైర్ చేశాం’ అని రాయండి. ఆకర్షణ తగ్గుతుంది, నోటీసు భయమూ తగ్గుతుంది.

ప్రశ్న: 2025 ఆగస్టులో కార్బన్ క్రెడిట్లపై జపాన్‌తో ఒప్పందం అయింది కదా, మడ క్రెడిట్లు అక్కడికి అమ్మవచ్చా?

జవాబు: పారిస్ ఒప్పందం 6.2 అధికరణ కింద దేశాల మధ్య అమ్మితే ఆ టన్నులను మన దేశ లెక్కలోంచి తీసేసుకోవాలి. అందుకే ఏవి అమ్మాలో కేంద్రం ఎంచుకుంటుంది. 2023 ఫిబ్రవరిలో ప్రకటించిన 13 కార్యకలాపాల జాబితాలో అలల శక్తి, పోటుపాట్ల శక్తి, సముద్రతీరానికి ఆవల గాలిమరలు ఉన్నాయి. మడ అడవి లేదు. అది మొదటి మూడేళ్ల జాబితా అని, తర్వాత సవరించవచ్చని అప్పుడే చెప్పారు కాబట్టి ఒప్పందం రాసే రోజున తాజా జాబితా చూడండి. ప్రైవేటు కంపెనీ స్వచ్ఛందంగా కొనడం వేరు, దానికి ఈ జాబితాతో పనిలేదు.

ప్రశ్న: గ్రీన్ క్రెడిట్, కార్బన్ క్రెడిట్ ఒకటేనా?

జవాబు: కాదు. గ్రీన్ క్రెడిట్ 2023 అక్టోబరులో పర్యావరణ పరిరక్షణ చట్టం కింద వచ్చింది, నడిపేది డెహ్రాడూన్ అటవీ పరిశోధనా మండలి. టన్నులతో సంబంధం లేదు. పవర్ ఎక్స్ఛేంజీలో అమ్ముడుపోదు.

ప్రశ్న: హిమాయత్‌నగర్‌లో ఆడిట్ ప్రాక్టీసు. క్లయింటుకు వెర్రా క్రెడిట్ల అమ్మకం ద్వారా ఆదాయం వచ్చింది. ఆదాయపు పన్ను చట్టం 115బీబీజీ సెక్షన్ కింద పది శాతం వేస్తే సరిపోతుందా?

జవాబు: తొందరపడకండి. ఈ కథ మన ఊళ్లోనే మొదలైంది. మై హోం పవర్ కేసులో కార్బన్ క్రెడిట్ల రాబడి మూలధన రాబడి, పన్ను పడదని హైదరాబాద్ ట్రిబ్యునల్ 2012లో చెప్పింది. 2014లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు దాన్ని సమర్థించింది. తర్వాత 2017 ఆర్థిక చట్టం 115బీబీజీ తెచ్చి పది శాతం, దాని మీద సర్‌చార్జి, సెస్సు వేసింది. ఖర్చుల మినహాయింపు లేదు.

కానీ ఆ సెక్షన్ నిర్వచనం చదవండి. ఐక్యరాజ్యసమితి వాతావరణ ఒడంబడిక కింద ధ్రువీకరించిన టన్ను అని ఉంది. వెర్రా ధ్రువీకరణ అది కాదు. అంటే మీ క్లయింటు ముందు రెండు దారులు. సెక్షన్ వర్తించదు, పాత హైకోర్టు తీర్పు ప్రకారం మూలధన రాబడి అని వాదించవచ్చు. లేదా, క్రెడిట్లు అమ్మడమే అతని వ్యాపారమైతే, మామూలు వ్యాపార ఆదాయంగా ఖర్చులు తీసేసి చూపాల్సి రావచ్చు. మై హోం వారి అసలు వ్యాపారం కరెంటు, క్రెడిట్ పక్కన వచ్చింది. మడ డెవలపరుకు క్రెడిట్టే సరుకు. ఆ తేడాను అధికారి తప్పక పట్టుకుంటాడు. 2026 ఏప్రిల్ 1 నుంచి ఆదాయపు పన్ను చట్టం, 2025 అమలు కాబట్టి ఏ ఏడాది ఆదాయమో చూసి సెక్షన్ నంబరు వేయండి.

ప్రశ్న: తార్నాకలో న్యాయశాస్త్ర విద్యార్థిని. చెట్లు కాకుండా సముద్రంలోనే ఇనుము చల్లి పాచి పెంచి క్రెడిట్లు అమ్మవచ్చా? సముద్రం ఎవరిది?

జవాబు: రాజ్యాంగం 297వ అధికరణ ప్రకారం ప్రాదేశిక జలాల అడుగున ఉన్న భూమి, విలువైన వస్తువులు కేంద్రానివి. 200 నాటికల్ మైళ్ల ప్రత్యేక ఆర్థిక మండలి వనరులూ అంతే. పన్నెండు మైళ్ల లోపు చేపల వేట మాత్రం రాష్ట్ర జాబితాలోది. కాబట్టి సముద్రపు గడ్డి మీద క్రెడిట్ అంటే ముందు కేంద్రం అనుమతి ప్రశ్న వస్తుంది.

ఇనుము విషయంలో జీవవైవిధ్య ఒడంబడిక దేశాలు 2008లో బాన్‌లో చిన్న స్థాయి శాస్త్ర పరిశోధన తప్ప మిగతావి వద్దని తీర్మానించాయి. వ్యర్థాలు పారబోయడంపై ఉన్న లండన్ ప్రోటోకాల్‌కు 2013లో చేసిన సవరణ కూడా ఇదే దారిలోది, అమల్లోకి మాత్రం రాలేదు. 2009లో భారత్-జర్మనీ శాస్త్రవేత్తలు లోహాఫెక్స్ పేరుతో దక్షిణ మహాసముద్రంలో 300 చదరపు కిలోమీటర్ల మేర ఇనుము చల్లి చూశారు. పాచి పెరిగింది, చిన్న జీవులు తినేశాయి, లోతుకు దిగిన కార్బన్ స్వల్పం. ఆ నీళ్లలో సిలికా తక్కువ కావడంతో గట్టి పెంకు ఉండే డయాటమ్‌లు అనే పాచి రకం పెరగలేదు. 2012లో కెనడా పడమటి తీరాన ఒక సంస్థ క్రెడిట్ల ఆశతో దాదాపు 100 టన్నుల ఐరన్ సల్ఫేట్ కుమ్మరించి దర్యాప్తులో ఇరుక్కుంది. ప్రాజెక్టు వర్క్‌కు అంశం కావాలంటే ఇది మంచిదే, వ్యాపారానికి కాదు.

ప్రశ్న: మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. ‘బ్లూ కార్బన్ (తీరం, సముద్రం దాచే కార్బన్) టోకెన్లు’ అంటూ వాట్సాప్ గ్రూపులో ప్రకటన వచ్చింది. రెండు లక్షలు పెడితే నెలకు ఆరు శాతం, పైగా పారిస్ ఒప్పందం హామీ అంటున్నారు.

జవాబు: పారిస్ ఒప్పందం ఎవరి పెట్టుబడికీ హామీ ఇవ్వదు. మడ చెట్టు నెలకు ఆరు శాతం పెరగదు కూడా.

ఒక్క ప్రశ్న అడగండి: ప్రాజెక్టు ఐడీ నంబరు ఏది? చెబితే రిజిస్ట్రీలో వెతకండి. ప్రాజెక్టు నిజమే అయినా అమ్మేవాళ్ల పేరు అక్కడ ఉండదు, అసలు ప్రాజెక్టు ఫొటోలు తెచ్చి పెట్టుకోవడం ఈ మోసాల్లో మామూలే. స్థితి ‘పరిశీలనలో ఉంది’ అని ఉంటే ఒక్క క్రెడిట్ కూడా ఇంకా పుట్టలేదని అర్థం. డబ్బు తీసుకుని లాభం హామీ ఇస్తే అది 2019 నాటి అనియంత్రిత డిపాజిట్ల నిషేధ చట్టం కిందికి రావచ్చు. అందరి సొమ్ము కలిపి నడిపే పథకమైతే సెబీ రిజిస్ట్రేషన్ ఉండాలి. ఇప్పటికే పంపి ఉంటే ఇవాళే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. డబ్బు ఖాతాలు మారకముందే ఆపగలిగే వ్యవధి గంటల్లోనే ఉంటుంది. గ్రూపులోంచి బయటికి వచ్చే ముందు చాట్ మొత్తం ఎక్స్‌పోర్ట్ చేసుకుని, యూపీఐ లావాదేవీ నంబర్లతో కలిపి దాచండి.